12 అడుగుల గదిలో ఒక హౌస్ ట్రాక్ మిక్స్: నా అనుభవం

ఇంట్లో లాప్‌టాప్ మీద ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేసేవాళ్లందరికీ ఈ బాధ తెలుసు. గదిలో బ్రహ్మాండంగా ఉన్న ట్రాక్ బయటికి వెళ్తే ఇంకోలా ఉంటుంది. కార్లో బేస్ మిగతా అన్నిటినీ మింగేస్తుంది. ఫోన్‌లో ఆ బేస్ అసలు ఉండదు. చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో అయితే ప్యాడ్‌లు (వెనక పరుచుకుని సాగే స్వరాలు) సగం మాయమవుతాయి. ఈమధ్య డప్పు పెట్టి చేసిన ఒక హౌస్ ట్రాక్‌ను (హౌస్ అంటే డ్యాన్స్ కోసం చేసే ఒక రకం ఎలక్ట్రానిక్ సంగీతం) ఈ మూడు చోట్లా నిలబడేలా మిక్స్ చేశాను, అంటే అందులోని సౌండ్లన్నిటినీ సరైన పాళ్లలో కలిపాను. ఆ పని ఎలా సాగిందో రాస్తున్నాను. ప్లగిన్ల (మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కు జోడించే చిన్న ప్రోగ్రాముల) పేర్ల కోసం చూసేవాళ్లకు ఇందులో పెద్దగా ఏమీ దొరకదు. అసలు పనంతా మూడు చోట్ల జరిగింది: గదిలో, కింది ఫ్రీక్వెన్సీల్లో, ఏ సౌండ్ ఉంచాలి ఏది తీసేయాలి అన్న నిర్ణయంలో.

ట్రాక్ వివరాలు ముందే చెప్తాను. 124 బీపీఎం (నిమిషానికి 124 బీట్లు), శ్రుతి ఎఫ్ షార్ప్ మైనర్. 909 డ్రమ్ మెషీన్ తరహా కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ), సింథ్‌తో (ఎలక్ట్రానిక్‌గా స్వరాలు పుట్టించే సాధనం) చేసిన సబ్ బేస్ (అట్టడుగు బేస్), వెడల్పాటి ప్యాడ్, హ్యాట్‌లు (తాళాల్లాంటి సన్నటి చప్పుళ్లు), వీటి మీద జనగామ దగ్గర ఒక ఊళ్లో రికార్డ్ చేసిన రెండు డప్పులు. లాప్‌టాప్, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (లాప్‌టాప్‌కూ స్పీకర్లకూ మధ్య ఉండే పెట్టె), 5 అంగుళాల మానిటర్ స్పీకర్ల జత, ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్లు నా దగ్గరున్న సామాను. రికార్డింగ్, మిక్సింగ్ చేసే సాఫ్ట్‌వేర్ రీపర్. హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్, అందులో 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న బెడ్‌రూమ్.

మొదలుపెట్టింది కొలతతో. తెలిసినవాళ్ల దగ్గర కొలత మైక్ తెచ్చుకుని, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో కింది ఫ్రీక్వెన్సీ నుంచి పైదాకా జారే శబ్దాన్ని (స్వీప్) ప్లే చేసి గ్రాఫ్ తీశాను. కూర్చునే చోట 47 హెర్ట్జ్ దగ్గర పెద్ద గుంత, అంటే ఆ ఫ్రీక్వెన్సీ అక్కడ బాగా తక్కువగా వినిపిస్తోంది. ఇది లెక్కకు అందే విషయమే. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 12 అడుగులంటే 3.66 మీటర్లు. 343ని ఆ పొడవుకు రెట్టింపుతో భాగిస్తే 47కు కాస్త తక్కువ వస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీలో ముందు గోడ, వెనక గోడ దగ్గర శబ్దం బలంగా ఉంటుంది, సరిగ్గా గది మధ్యలో దాదాపు ఉండదు. నా కుర్చీ ఉన్నది ఆ మధ్యలోనే. ఇక ఎఫ్ షార్ప్ కింది స్థాయిలో 46.25 హెర్ట్జ్. అంటే నా ట్రాక్‌కు ఆధారమైన స్వరం నేను కూర్చున్న చోటే వినిపించదు. అక్కడ కూర్చుని బేస్ సరిపోయిందనిపించేదాకా ఫేడర్ (వాల్యూమ్ మీట) పెంచితే కార్లో అది పొంగిపోక ఏం చేస్తుంది?

ఇంకో గుంత 94 హెర్ట్జ్ దగ్గర. స్పీకర్ల ముఖాలు వెనకున్న గోడకు మూడు అడుగుల దూరంలో ఉండేవి. స్పీకర్ వెనక్కి వదిలిన బేస్ గోడకు కొట్టుకుని తిరిగొచ్చి, ముందుకెళ్లే దానికి ఎదురుపడుతుంది. ఆ దూరం ఏ ఫ్రీక్వెన్సీ తరంగంలో నాలుగో వంతు అవుతుందో ఆ ఫ్రీక్వెన్సీ కొట్టుకుపోతుంది. మూడు అడుగులకు లెక్కేస్తే 94. కిక్‌లో గుండెకు తగిలే భాగం ఉండేది దాదాపు అక్కడే.

రెండింటికీ మందు బల్ల, కుర్చీ జరపడమే. స్పీకర్లను ముందు గోడకు ఒక అడుగు దూరంలోకి నెట్టాను. దాంతో ఆ రెండో గుంత 280 హెర్ట్జ్ పైకి వెళ్లింది. ఆ ఎత్తులో గోడకు పెట్టిన ప్యానెల్ దాన్ని పీల్చుకోగలదు. కుర్చీని ముందు గోడ నుంచి నాలుగున్నర అడుగుల దగ్గరికి, అంటే పొడవులో దాదాపు 38 శాతం దగ్గరికి తెచ్చాను. స్పీకర్ల మధ్య నాలుగు అడుగులు, ప్రతి స్పీకర్ నుంచి నా తలకు కూడా నాలుగు అడుగులు. మళ్లీ కొలిస్తే 47 దగ్గర గుంత పూర్తిగా పోలేదు కానీ చాలా పూడింది. రూపాయి ఖర్చు లేకుండా వచ్చిన మార్పు ఇది. ఆ తర్వాత కొన్న ఏ వస్తువూ ఇంత తేడా తేలేదు.

ప్యానెళ్లు మాత్రం చేయించాను. రాణిగంజ్‌లో ఇన్సులేషన్ సామాను అమ్మే కొట్టులో రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చుకునే రాతి నార) దొరికింది. వడ్రంగి చేత 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందంతో ఫ్రేములు కొట్టించి, పైన పల్చటి కాటన్ గుడ్డ బిగించాను. రాక్‌వూల్ పట్టుకునేటప్పుడు మాస్కు, గ్లౌజులు, ఫుల్ చేతుల చొక్కా తప్పనిసరి. లేకపోతే చర్మం రోజంతా దురద పెడుతుంది. ప్యానెల్‌ను గోడకు అతికించకుండా వెనక కొన్ని అంగుళాల ఖాళీ వదిలితే అదే మందం ఇంకా కింది ఫ్రీక్వెన్సీల దాకా పనిచేస్తుంది. పక్క గోడల మీద ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి ఒకరిని అద్దం పట్టుకుని గోడ వెంట నడవమన్నాను. కుర్చీలోంచి చూస్తే అద్దంలో స్పీకర్ ఎక్కడ కనిపిస్తుందో అక్కడే ప్యానెల్.

చాలామంది గోడలకు గుడ్ల ట్రేలు అంటిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పల్చటి అట్ట పై ఫ్రీక్వెన్సీలను కాస్త చెదరగొడుతుందంతే, బేస్‌ను తాకనుకూడా తాకదు. నాలుగంగుళాల రాక్‌వూల్‌కే 47 హెర్ట్జ్ దగ్గర పెద్దగా బలం లేదు. అక్కడ నాకు దిక్కు కుర్చీ స్థానం, హెడ్‌ఫోన్లు. ఇంకొకటి: ప్యానెళ్లు గదిలోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తాయి గానీ శబ్దాన్ని బయటికి పోకుండా ఆపవు. కింది ఫ్లాట్ ఆంటీ ఒక సాయంత్రం వచ్చి, "పాట ఇనబడ్తలేదు బాబూ, షెల్ఫుల గ్లాసులు మాత్రం మోగుతున్నయ్" అన్నారు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పై ఫ్రీక్వెన్సీలన్నీ గోడల్లో ఆగిపోతాయి, సబ్ మాత్రం శ్లాబ్ గుండా దిగిపోతుంది. స్పీకర్ల కింద మందపాటి ఫోమ్ ప్యాడ్‌లు వేశాను, రాత్రి తొమ్మిది తర్వాత హెడ్‌ఫోన్లకు మారిపోయాను.

ఫ్యాన్ సంగతీ చెప్పాలి. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే ప్యాడ్ సౌండ్‌లో సన్నటి వణుకు వినిపిస్తుంది. రెక్కలు పై ఫ్రీక్వెన్సీలను మాటిమాటికీ అడ్డుకోవడం వల్ల వచ్చేది అది. హ్యాట్‌లు, రివర్బ్ (సౌండ్‌కు కలిపే ప్రతిధ్వని) చూసుకునే పనంతా తెల్లవారుజామున ఫ్యాన్ ఆపేసి చేసుకున్నాను. స్పీకర్లలో సన్నగా 50 హెర్ట్జ్ హమ్ కూడా ఉండేది. ఇంటర్‌ఫేస్, స్పీకర్లు, లాప్‌టాప్ అన్నీ ఎర్తింగ్ సరిగా ఉన్న ఒకే ప్లగ్ పాయింట్ నుంచి తీసుకుని, బయటి హమ్‌ను రద్దు చేసే బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వేశాక పోయింది.

గది ఒక దారికి వచ్చాక వాల్యూమ్ స్థిరపరిచాను. మన చెవి అన్ని ఫ్రీక్వెన్సీలనూ సమానంగా వినదని, తక్కువ వాల్యూమ్‌లో బేస్ మరీ తక్కువగా వినిపిస్తుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. పొద్దున మెల్లగా, సాయంత్రం గట్టిగా వింటూ మిక్స్ చేస్తే ఒకే ట్రాక్ మీద రెండు రకాల తీర్పులు వస్తాయి. కుర్చీ దగ్గర సుమారు 75 డెసిబెల్స్ వచ్చేలా పెట్టి, ఇంటర్‌ఫేస్ నాబ్ మీద మార్కర్‌తో గీత గీశాను. గట్టిగా వినడం అప్పుడప్పుడూ, అదీ కొద్ది నిమిషాలే. చెవి అలసిపోయాక చేసే ఈక్యూ (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచడం, తగ్గించడం) మీద నాకు నమ్మకం లేదు.

ఇప్పుడు డప్పు. రికార్డింగ్ బ్యాటరీతో నడిచే చిన్న రికార్డర్ మీద, ఆరుబయట చేశాం. వాయించిన పెద్దాయన ముందు గడ్డి మంట వేసి, డప్పును తిప్పుతూ కాచారు. "తమ్మీ, సల్లబడితే మోగదు, మళ్ల కాయాలె" అన్నారు. ఆ మాట విలువ ఇంటికొచ్చి ఫైళ్లు విన్నాక ఇంకా తెలిసింది. వేడిగా ఉన్నప్పుడు తోలు బిగుసుకుని డప్పు శ్రుతి పైన ఉంటుంది. వాయిస్తూ పోతే చల్లబడి కిందికి జారుతుంది. సెషన్ మొదట్లో దరువును, చివర్లో దరువును పక్కపక్కన పెడితే అవి రెండు వేరే వాయిద్యాల్లా ఉన్నాయి. అందుకే కాచిన వెంటనే వాయించిన భాగాలే తీసుకున్నాను. పిచ్ మార్చే సాధనంతో సరిచేయొచ్చు గానీ, సిర్ర (డప్పు కొట్టే కర్ర) దెబ్బలోని పదును అలా మారిస్తే మొద్దుబారుతోంది.

మంచి డప్పు సౌండ్ చేతికొచ్చాక అంతకుముందు పెట్టుకున్న క్లాప్ (చప్పట్ల సౌండ్) తీసేశాను. రెండూ ఒకే చోట కూర్చుంటాయి: కింద 200 దగ్గర కాస్త ఒళ్లు, పైన రెండు నుంచి ఐదు వేల హెర్ట్జ్ మధ్య పదును. మూడు పొరల క్లాప్ ఉంచి దాన్ని ఈక్యూతో తొలుస్తూ డప్పుకు చోటివ్వొచ్చు. కానీ తీసేసిన మరుక్షణం ట్రాక్ విచ్చుకుంది. రెండో సింథ్ లీడ్‌నూ (బాణీ వాయించే సౌండ్) అలాగే తీసేశాను. ప్రొఫెషనల్ ట్రాక్‌లు జాగ్రత్తగా వింటే ఒక్కో క్షణంలో మోగేవి చాలా తక్కువ ఉంటాయి. ఉన్న ప్రతిదానికీ సొంత చోటు ఉంటుంది. మిక్స్ గొప్పగా ఉందని మనం అనుకునేదాంట్లో సగం పాట కట్టే దశలోనే తేలిపోతుందని నా గట్టి నమ్మకం.

డప్పు దెబ్బల మొదటి అంచులు చాలా ఎత్తుగా ఉంటాయి. వాటి వల్ల మొత్తం ట్రాక్ వాల్యూమ్ పెంచలేం. కంప్రెసర్ (గట్టి సౌండ్‌ను తగ్గించే సాధనం) పెడితే దెబ్బలోని పంచ్ పోయింది. సాఫ్ట్ క్లిప్పర్‌తో (ఎత్తైన కొసల్ని మెత్తగా కత్తిరించే సాధనం) ఆ అంచుల్ని మూడు నాలుగు డెసిబెల్స్ కోస్తే చెవికి తేడా తెలియలేదు, మీటర్ మీద మాత్రం బోలెడు చోటు మిగిలింది.

ఎక్కువ సమయం పట్టింది కిక్, బేస్ దగ్గరే. ముందు తేల్చుకోవాల్సింది అట్టడుగు ఎవరిదని. రెండూ 46 హెర్ట్జ్ దగ్గరే కూర్చుంటే రెండూ పాడవుతాయి. అట్టడుగు బేస్‌కు ఇచ్చాను. కిక్‌ను కాస్త పైకి ట్యూన్ చేసి, దాని తోక (దెబ్బ తర్వాత సాగే మోత) 69 హెర్ట్జ్ దగ్గర నిలిచేలా పెట్టాను. అది సి షార్ప్. ఎఫ్ షార్ప్‌ను షడ్జమం అనుకుంటే అది పంచమం. అందుకే రెండూ కలిసి మోగినా చెవికి ఇబ్బందిగా ఉండదు. తోక పొడవు కూడా తగ్గించాను.

సైడ్‌చెయిన్ కంప్రెషన్ అందరికీ తెలిసిందే: కిక్ పడ్డప్పుడు బేస్ తగ్గుతుంది. ఎంత తగ్గాలి, ఎంతసేపట్లో తిరిగి లేవాలి అన్నది మాత్రం ట్రాక్‌ను బట్టి చూసుకోవాలి. 124 బీపీఎంలో ఒక బీట్ 484 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 121. బేస్ ఆరు డెసిబెల్స్ దాకా తగ్గి, సుమారు 120 మిల్లీసెకన్లలో లేచేలా పెడితే ఊపు సహజంగా వచ్చింది. అంతకన్నా ఆలస్యంగా లేస్తే ప్రతి బీట్‌లో బేస్ ఈడ్చుకుంటూ వచ్చినట్టు ఉంటుంది.

అయినా కొన్ని బార్లలో (నాలుగేసి బీట్ల ఆవృత్తాల్లో) కిక్ బలంగా, కొన్నింట్లో పేలవంగా వినిపించేది. కిక్ ఒకే శాంపిల్, వాల్యూమ్ ఒకటే, అయినా తేడా. కారణం సింథ్‌లో దొరికింది. ఆసిలేటర్ (తరంగాన్ని పుట్టించే భాగం) స్వేచ్ఛగా తిరుగుతూ ఉంటే ప్రతి నోట్ తరంగంలో వేరే చోట మొదలవుతుంది. ఒకసారి కిక్‌తో కలిసి లేస్తుంది, ఇంకోసారి దానికి ఎదురెళ్లి కోసేస్తుంది. రీట్రిగర్ ఆన్ చేస్తే ప్రతి నోట్ ఒకే చోట మొదలైంది. తర్వాత బేస్‌ను ఆడియోగా మార్చి, కిక్‌తో పాటు తెర మీద పెద్దది చేసి చూస్తూ, పొలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) విన్నాను. తిప్పితేనే నిండుగా ఉంది, అలాగే వదిలేశాను. ఈక్యూతో ఎంత పెంచినా రాని బరువు ఈ రెండు మార్పులతో వచ్చింది. ఈ విషయాన్ని పాఠాలు చెప్పేవాళ్లు ఎందుకంత తేలిగ్గా దాటేస్తారో నాకు అర్థం కాదు.

ఫోన్ సమస్య వేరు. ఫోన్ స్పీకర్ అంత చిన్నది 46 హెర్ట్జ్‌ను పలికించలేదు, దాన్ని మనం మార్చలేం. కానీ 92, 139, 185 ఇలా ఆ స్వరపు గుణిజాలు వినిపిస్తే చాలు, మెదడు కింద లేని స్వరాన్ని తానే పూరించుకుంటుంది. అందుకే బేస్‌ను రెండు ట్రాకులు చేశాను. ఒకటి కింది శుద్ధమైన సబ్. రెండోది అదే బేస్‌కు శాచురేషన్ (గుణిజాలు పుట్టించే మెత్తటి వక్రీకరణ) ఇచ్చి, 100 హెర్ట్జ్ కింద కోసేసింది. రెండోదాన్ని ఫోన్‌లో వింటూ మెల్లగా పెంచాను. బేస్ లైన్ ఏ స్వరం నుంచి ఏ స్వరానికి వెళ్తుందో ఫోన్‌లో తెలిసిన చోట ఆపాను.

చిన్న స్పీకర్‌లో ప్యాడ్ మాయమవడానికి కారణం దాని వెడల్పు వచ్చిన తీరు. ఎడమ, కుడి చానెళ్లలో ఒకదాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే చాలా విశాలంగా అనిపిస్తుంది. హాస్ ప్రభావం పేరుతో దీన్ని వాడతారు. మోనోలో, అంటే రెండు చానెళ్లనూ ఒకటిగా కలిపినప్పుడు మాత్రం ఆ రెండూ కొన్ని ఫ్రీక్వెన్సీలను పరస్పరం కోసేసుకుంటాయి. ఆ డిలే తీసేసి, ప్యాడ్‌ను వేరే సెట్టింగ్‌తో ఇంకోసారి వాయించి, ఒకటి ఎడమకు ఒకటి కుడికి పెట్టాను. మోనో బటన్ నొక్కినా ప్యాడ్ నిలబడింది. 120 హెర్ట్జ్ కింద ఉన్నదంతా మోనో చేశాను. డీజే సెటప్‌లలో సబ్ బాక్సులు తరచూ మోనోలోనే నడుస్తాయి కాబట్టి అక్కడ స్టీరియో ఉండి లాభం లేదు.

మిగతావి త్వరగా అయిపోయాయి. రివర్బ్‌కు వెళ్లే దారిలో 300 హెర్ట్జ్ కింద కోత. ప్యాడ్‌లో 250 నుంచి 400 మధ్య రెండు డెసిబెల్స్ తగ్గింపు. హ్యాట్‌లు అనుకున్నదానికన్నా ఒక మెట్టు కింద.

మిక్స్ చేస్తున్నంత సేపూ పక్కన రెండు రిఫరెన్స్ ట్రాకులు (పోల్చుకోవడానికి వేరేవాళ్ల పాటలు) ఉంచుకున్నాను. అవి మాస్టర్ చేసినవి (విడుదలకు చివరి మెరుగులు దిద్దినవి) కాబట్టి నా మిక్స్ కన్నా చాలా గట్టిగా ఉంటాయి. గట్టిగా ఉన్నదే చెవికి బాగుంటుంది కాబట్టి వాటిని నా మిక్స్ వాల్యూమ్‌కు తగ్గించాకే పోల్చాలి. మాస్టర్‌ను మైనస్ 9 లఫ్స్ (సగటు గట్టిదనపు కొలత; సున్నాకు దగ్గరైన కొద్దీ గట్టిగా ఉన్నట్టు) దగ్గర ఆపి, ట్రూ పీక్ (సౌండ్ చేరే గరిష్ఠ ఎత్తు) మైనస్ 1 దాటకుండా చూసుకున్నాను. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటల్ని మైనస్ 14 దగ్గరికి తెస్తుంది కదా, అంతే పెడితే పోలేదా అని అడుగుతారు. స్ట్రీమింగ్‌కు మాత్రమే అయితే అదీ సరిపోతుంది. కానీ డీజే పెన్‌డ్రైవ్‌లో పక్క ట్రాక్ గట్టిగా ఉంటే మనది నీరసంగా వినిపిస్తుంది. ఈ రకం సంగీతంలో కొంత క్లిప్పింగ్, కొంత ఒత్తిడి కూడా సౌండ్‌లో భాగమే.

చివరి పరీక్ష ఒక ఫంక్షన్ హాల్లో. డీజే చేసే స్నేహితుడు సంగీత్ మొదలయ్యే ముందు సౌండ్ చెక్‌లో నా ట్రాక్ వేశాడు. కిక్, బేస్ అనుకున్నట్టే వచ్చాయి. ఆ వాల్యూమ్‌లో డప్పు మాత్రం చెవిని పొడిచింది. మనిషి చెవికి మూడు నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర సున్నితత్వం ఎక్కువ, గదిలో 75 డెసిబెల్స్‌లో అది ఇంతగా తెలియదు. ఇంటికొచ్చి డప్పు మీద డైనమిక్ ఈక్యూ వేసి, 3,500 హెర్ట్జ్ దగ్గర గట్టి దెబ్బలు పడ్డప్పుడే రెండు డెసిబెల్స్ తగ్గేలా పెట్టాను.

ఆ వెర్షన్‌ను డప్పు వాయించిన పెద్దాయనకు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపాను. ఆయన, ఆయన తమ్ముడు క్రెడిట్స్‌లో ఉంటారని, ముందు అనుకున్న డబ్బు కాక ట్రాక్‌కు ఏమైనా వస్తే అందులోనూ వాటా ఉంటుందని ముందే మాట్లాడుకున్నాం. రెండో రోజు ఫోన్ చేసి, "మంచిగుంది తమ్మీ. నడిమిట్ల మా తమ్ముని దరువు ఇంకొంచెం లేపు, చిటికెన పుల్ల ఇనబడ్తలేదు" అన్నారు. విని చూశాను. ప్యాడ్ పూర్తిగా విచ్చుకునే చోట రెండో డప్పులోని సన్న పుల్ల దెబ్బలు నిజంగానే దాని వెనక్కి వెళ్లిపోతున్నాయి. ఆ ఎనిమిది బార్లలో ప్యాడ్‌ను ఒక డెసిబెల్ తగ్గించి, రెండో డప్పును ఒకటిన్నర పెంచి, 24 బిట్ వేవ్ ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేశాను. అప్‌లోడ్ చేసింది అదే.